బేస్‌మెంట్ గోడ పెచ్చులూడకుండా ప్లాస్టింగ్ ఎలా చేయాలి?

గుంటూరు నల్లరేగడిలోనైనా, విజయవాడ సింగ్‌నగర్ పల్లంలోనైనా పాత ఇంటి బేస్‌మెంట్ గోడకు, అంటే నేల నుంచి గది గచ్చు ఎత్తు దాకా ఉండే అడుగు గోడకు, వచ్చే జబ్బు ఒక్కటే. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా చెమ్మ పాకుతుంది, తెల్లగా ఉప్పు పేరుతుంది, ప్లాస్టింగ్ పొక్కి రాలుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వాగు నీళ్లలో నానిన గోడలకైతే మరీను. చలిదేశాల్లో గోడలోని నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బి పైపొరను నెట్టేస్తుంది. ఇక్కడ ఆ పని ఉప్పు చేస్తుంది. నీరు ఆరేకొద్దీ ఇటుక రంధ్రాల్లో ఉప్పు పలుకులు పెరిగి ప్లాస్టింగును తోస్తాయి. సిమెంటు దండిగా దట్టించిన గోడ ఊపిరాడక ఉప్పును లోపలే పోగేసుకుంటుంది. అందుకే ముందుగా ఊడేది అదే.

కావలసిన సరుకు: పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు) లేదా స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం కలిసిన) సిమెంటు, జల్లెడ పట్టిన కృష్ణా ఇసుక, పిడుగురాళ్ల సున్నం. సున్నం బస్తాలో వచ్చే పొడి అయితే ముందు రోజే నీళ్లలో నానబెట్టాలి. రాయి సున్నమైతే వారానికి ముందే చల్లార్చి, సన్నని జల్లెడ పట్టాలి. చల్లారని పలుకు ఒక్కటి మిగిలినా తర్వాత గోడలో ఉబ్బి పైపొరను పగలగొడుతుంది. ఇసుకను గాజు సీసాలో సగం పోసి, చిటికెడు ఉప్పు వేసిన నీళ్లతో బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన తేరిన ఒండ్రు, ఇసుక మందంలో పన్నెండో వంతు దాటితే ఆ లోడు వెనక్కి పంపండి. బోరు నీళ్లు బకెట్‌కు తెల్లని చార కడుతుంటే మాలుకు వాడొద్దు, మున్సిపల్ కుళాయి నీళ్లు పట్టండి. పనిముట్లు ఏ మేస్త్రి దగ్గరైనా ఉంటాయి: సుత్తి, ఉలి, వైరు బ్రష్, తాపీ, బద్ద, చెక్క.

పాత ప్లాస్టింగును చెమ్మ మరకకు పైన ఇంకో అడుగు దాకా కొట్టేయండి. ఇటుకల సందుల్లో మాలును అర అంగుళం లోతు గీకండి. ఉప్పును పొడిగా ఉన్నప్పుడే బ్రష్‌తో రాల్చి, చీపురుతో ఊడ్చి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పదిహేను రోజులు గోడను అలాగే వదిలేస్తే లోపలి ఉప్పు మరికొంత పైకి వస్తుంది, దాన్నీ రాల్చండి.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. ఎక్కువ పనులు చెడేది గోడ తడి దగ్గరే. ఎండిన ఇటుక మాలులోని నీళ్లన్నీ తాగేస్తుంది, సిమెంటు గట్టిపడకుండానే పొడిగా మిగులుతుంది. నీళ్లు కారుతున్న గోడకు మాలు అసలు అంటదు, జారుతుంది. ముందు రోజు సాయంత్రం బాగా తడపండి, పని మొదలుపెట్టే గంట ముందు మళ్లీ చల్లండి. అరచేయి ఆనించి చూడండి: చల్లగా తగలాలి, చేతికి తడి అంటకూడదు. దోసెడు నీళ్లు చిలకరిస్తే రెప్పపాటులో ఇంకిపోతే ఇంకా తడపాలి, ధారగా జారితే ఆగాలి.

ఆ తర్వాత ఒకటికి రెండు పాళ్లలో సిమెంటు, ముతక ఇసుక పల్చగా కలిపి, తాపీతో గోడకేసి విసరండి. పూయకూడదు, విసరాలి. ఆరాక పనసకాయ తొక్కలా గరుకుగా చేతికి గుచ్చుకోవాలి. చాలామంది దీనికి బదులు సిమెంటు పాలు పూసి ఆరనిచ్చి, పైన ప్లాస్టింగ్ చేస్తారు. ఆరిన సిమెంటు పాలు నున్నని పొర, మాలును పట్టుకోదు. సంవత్సరం తిరిగేసరికి పలకలుగా ఊడొచ్చేది ఆ పొర దగ్గరే. విసిరిన పూతను మూడు రోజులు తడిగా ఉంచండి.

మొదటి కోటుకు సిమెంటు 2, సున్నం 1, ఇసుక 9 పాళ్లు, మందం 12 మిల్లీమీటర్లు. బిగుసుకునేలోపు వైరు ముక్కతో అడ్డంగా గీతలు గీయండి. వారం తడిపి, కొన్ని రోజులు ఆరనిచ్చి రెండో కోటు: సిమెంటు 1, సున్నం 1, ఇసుక 6, మందం 8 మిల్లీమీటర్లు. పైకోటు లోపలి కోటు కన్నా గట్టిగా ఉండకూడదు, ఉంటే పైది కుంచించుకుని లోపలిదాన్ని పీకేస్తుంది. ఒకసారి కలిపిన మాలు గంటలో అయిపోవాలి. గట్టిపడ్డాక నీళ్లు పోసి మళ్లీ కలిపిన మాలు గోడకు పెట్టనివ్వకండి. నునుపు కోసం తడి మీద పొడి సిమెంటు చల్లనివ్వకండి, ఆ పొర సాలెగూడులా పగులుతుంది. చెక్కతో రుద్ది వదిలేస్తే చాలు.

బేస్‌మెంట్ పైన డీపీసీ పట్టీ (చెమ్మ పైకి ఎక్కకుండా గోడలో అడ్డంగా వేసే పొర) ఉంటే, దాని ఎత్తులోనే ప్లాస్టింగులో వేలి మందం గాడి కోయాలి. ప్లాస్టింగ్ పట్టీని దాటి ఏకంగా పైకి పోతే, చెమ్మ దాని మీదుగానే గదిలోకి ఎక్కుతుంది. కింద కూడా నేలకు రెండంగుళాల పైనే ఆపేయండి. రేగడి వానకు ఉబ్బి వేసవికి పగిలే నేల, దానికి ఆనిన అంచు మొదటి ఏడే చిట్లుతుంది.

కార్తీకం నుంచి మాఘం దాకా ఈ పనికి మంచి కాలం. రోహిణి కార్తెలో చేయక తప్పకపోతే గోనెపట్టాలు కప్పి రోజుకు నాలుగైదు సార్లు నీళ్లు కొట్టండి. నెల తర్వాత సున్నం వేయొచ్చు. ఎనామిల్ పెయింటు, టైల్స్ మాత్రం ఈ గోడకు వద్దు. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, అది టైల్స్ పై అంచు మీదుగా ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది.