కారుకు ఫోమ్ కొట్టే ముందు చూసుకోవాల్సినవి

తిరుపతిలో చాలా ఇళ్లకు బోరు నీళ్లే దిక్కు. ఉప్పు నీళ్లలో షాంపూ సరిగా నురగ రాదు. అందుకే షాంపూ కలపడానికైనా ఫిల్టర్ నీళ్లు వాడండి, గోరువెచ్చగా ఉంటే ఇంకా మంచిది. ఫోమ్ క్యానన్ (ప్రెషర్ వాషర్ గన్‌కు తగిలించే, నురగ చిమ్మే పరికరం) బాటిల్‌లో ముందు నీళ్లు, ఆ తర్వాతే షాంపూ.

ఫోమ్ క్యానన్ విప్పి లోపలి జాలీ తప్పకుండా చూడండి. ఉప్పునీళ్ల తెల్లపొర పేరుకుంటే నురగ పలచబడి, తలుపుల మీద నుంచి నీళ్లలా జారిపోతుంది. ఖరీదైన షాంపూ కొనేముందు ఈ పని చేయండి. జాలీని కాసేపు వెనిగర్‌లో నానబెట్టి కడిగితే చాలు. ఇంట్లో వాడే చిన్న ప్రెషర్ వాషర్‌కు క్యానన్ లోపల 1.25 ఎం.ఎం. నాజిల్ కంటే 1.1 ఎం.ఎం. నాజిల్ నప్పుతుంది, ఒత్తిడి పెరిగి నురగ చిక్కబడుతుంది.

పైపు మెలిక పడకూడదు. వాషర్ బకెట్ నుంచి నీళ్లు లాగుతుంటే పైపులోకి గాలి చొరబడకుండా చూడండి.

బానెట్ చేతికి చురుక్కుమంటే ఆగండి. మన ఎండకు నురగ నిమిషాల్లో ఆరి మరకలు పడతాయి. పొద్దున్నే నీడలో పెట్టి, ముందు దుమ్ము పోయేలా నీళ్లు కొట్టండి.

ప్లగ్ తడవని చోట ఉండాలి, ఎర్తింగ్ ఉన్న సాకెట్టే వాడాలి. కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకోండి.