సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ కొంటున్నారా? ముందు లెన్స్ చూడండి, బాడీ తర్వాత

పెళ్లిళ్ల ఫొటోగ్రఫీలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి మాట "అన్నా, ఏ బాడీ కొనమంటారు?" బాడీ సంగతి తర్వాత చూద్దాం, ముందు లెన్స్ తేల్చుకోమంటాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. ఇప్పుడు సెకండ్స్‌లో డీఎస్‌ఎల్‌ఆర్‌లు దొరుకుతున్న ధరలకి, నిదానంగా చూసి కొంటే అప్పు చేయకుండానే పెళ్లి కవర్ చేసే సెట్ అమరుతుంది. తొందరపడి కొంటే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

కంపెనీలు దారి మార్చడం వల్లే ధరలు ఇంతగా పడ్డాయి. సోనీ 2013లోనే ఏ7తో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా, మొదలుపెట్టింది. 2018లో తమ మిర్రర్‌లెస్‌ల కోసం నికాన్ జడ్ మౌంట్‌నీ (మౌంట్ అంటే బాడీకి లెన్స్ తగిలే చోటు), కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌నీ తెచ్చాయి. 2020 మొదట్లో వచ్చిన నికాన్ డీ780, డీ6, కెనాన్ వన్‌డీఎక్స్ మార్క్ 3 తర్వాత ఈ రెండు కంపెనీల నుంచి చెప్పుకోదగ్గ డీఎస్‌ఎల్‌ఆర్ ఏదీ రాలేదు. పెద్ద స్టూడియోల వాళ్లు మిర్రర్‌లెస్‌కి మారిపోతూ పాత సెట్లు వదిలించుకుంటున్నారు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ షాపుల అద్దాల వెనక కనిపించే వాటిలో చాలా వరకు అలా వచ్చినవే. నికాన్ డీ750, కెనాన్ ఫైవ్‌డీ మార్క్ 3 లాంటి బాడీలతో మొన్నమొన్నటిదాకా ఊరూరా పెళ్లిళ్లు తీశాం. తలంబ్రాల వేళ అవి చేసే పని ఇవాళా అంతే బాగుంటుంది.

రేపు మారినా వెంట వచ్చే లెన్స్

మూడేళ్లకో నాలుగేళ్లకో మీరూ మిర్రర్‌లెస్‌కి మారతారు. అప్పుడు బాడీ అమ్మేస్తారు. లెన్స్ మీతోనే ఉండాలి. అందుకే ఈ లెక్క ముందే వేసుకోవాలి.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య అద్దం లేచి పడాలి కాబట్టి ఎక్కువ చోటు వదిలారు. 1959 నుంచి ఉన్న నికాన్ ఎఫ్ మౌంట్‌లో మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం 46.5 మి.మీ. జడ్ మౌంట్‌లో అది 16 మి.మీ. మాత్రమే. మిగిలిన 30.5 మి.మీ. మందమే ఎఫ్‌టీజడ్ అడాప్టర్. కెనాన్‌లోనూ ఇదే లెక్క: ఈఎఫ్‌కి 44 మి.మీ., ఆర్‌ఎఫ్‌కి 20. పాత లెన్స్‌ని కొత్త బాడీకి తగిలించడం ఇంత సులువు కావడానికి కారణం ఇదే. లోపల గాజు కూడా అక్కర్లేదు, ఖాళీ గొట్టం, కరెంటు పాయింట్లు చాలు.

అయితే నికాన్ వాళ్లు ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్‌టీజడ్‌లో ఫోకస్ మోటారు లేదు. లెన్స్‌లోనే మోటారు ఉండే ఏఎఫ్-ఎస్ రకానికి ఆటోఫోకస్ మామూలుగా పనిచేస్తుంది. బాడీలో ఉన్న మోటారు స్క్రూ తిప్పితే కదిలే పాత ఏఎఫ్-డి రకానికి పనిచేయదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. 50 ఎం.ఎం. 1.8 డి చవగ్గా దొరుకుతుందని ఆశపడకండి. కాస్త ఎక్కువైనా ఏఎఫ్-ఎస్ రకమైన 1.8 జి తీసుకోండి. బేరానికి ముందు లెన్స్ మీద రాసిన అక్షరాలు చదవండి.

కెనాన్‌లో ఈ గొడవ లేదు. ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్సుల్లో మోటారు లెన్స్‌లోనే ఉంటుంది. కంపెనీ అడాప్టర్ పెడితే ఆర్ బాడీల (కెనాన్ మిర్రర్‌లెస్‌ల) మీద ఫోకస్, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దేది) రెండూ పనిచేస్తాయి. పైగా ఆర్‌ఎఫ్‌కి బయటి కంపెనీల లెన్సులు తక్కువ. 2022లో కెనాన్ అడ్డుచెప్పడంతో విల్‌ట్రాక్స్ తన ఆర్‌ఎఫ్ ఆటోఫోకస్ లెన్సుల అమ్మకం ఆపేసింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకి దారి తెరుచుకున్నా, అది క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) లెన్సులతోనే మొదలైంది. కాబట్టి ఫుల్ ఫ్రేమ్ పెళ్లి పనికి మంచి ఈఎఫ్ 24-70, 70-200 మీ దగ్గర ఉంటే రేపు ఆర్ బాడీ కొన్నా లెన్సుల కోసం మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. బడ్జెట్‌లో సగం కన్నా ఎక్కువ లెన్స్‌కే పెట్టమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

లెన్స్‌ని టార్చ్‌తో చూడటం

మాది కాకినాడ. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో లెన్స్‌కి మొదటి శత్రువు ఫంగస్. విశాఖ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన లెన్స్ అయితే ఇంకాస్త శ్రద్ధగా చూడండి. హైదరాబాద్ లెన్సులకి ఫంగస్ రాదని కాదు. బీరువాలో తోలు సంచిలో పెట్టి ఏళ్ల తరబడి తియ్యకపోతే ఎక్కడైనా వస్తుంది.

చూసే పద్ధతి ఇది. లెన్స్ బాడీ నుంచి విడదీసి, ముందు వెనక మూతలు రెండూ తీయండి. నికాన్ ఏఎఫ్-ఎస్ జి లెన్స్ అయితే విడదీయగానే ఎపర్చర్ (వెలుగుని లోపలికి వదిలే రెక్కల రంధ్రం) పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది, లోపల ఏమీ కనపడదు. వెనక మౌంట్ అంచున చిన్న లోహపు మీట ఉంటుంది. దాన్ని గోటితో మెల్లగా జరిపి పట్టుకుంటే రెక్కలు తెరుచుకుంటాయి. వదలగానే టక్కున మూసుకోవాలి. నిదానంగా మూసుకుంటే రెక్కలకి నూనె అంటిందన్నమాట, అది తీసుకోకండి. కెనాన్ ఈఎఫ్ మామూలుగా తెరిచే ఉంటుంది.

ఇప్పుడు షాపులో ట్యూబ్‌లైట్ వెలుగు తగలని మూలకి వెళ్లి, ఫోన్ టార్చ్ వెనకవైపు నుంచి ఏటవాలుగా వేసి, ముందు గాజులోంచి చూడండి. నేరుగా వేస్తే వెలుగు కంట్లో పడుతుంది తప్ప లోపలిది కనపడదు. లెన్స్‌ని చేతిలో మెల్లగా తిప్పుతూ ఒక్కో గాజునీ చూడాలి. చుక్కలు చుక్కలుగా కనిపించేది దుమ్ము, ఫొటోలో తెలియదు, దాని గురించి బెంగ వద్దు. అంచు నుంచి లోపలికి సాలెగూడు పోగుల్లా కొమ్మలు కొమ్మలుగా పాకేది ఫంగస్. కొద్దిగానే ఉందనీ, క్లీన్ చేయిస్తే పోతుందనీ అంటారు. ఫంగస్ గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది, తుడిచినా మచ్చ మిగలొచ్చు. గాజంతా పాలు కలిపినట్టు తెల్లగా మసకేస్తే అది హేజ్. మండపంలో ఎదురుగా లైటున్న ప్రతి ఫొటోలోనూ కాంట్రాస్ట్ చచ్చిపోతుంది. అంచుల్లో ఇంద్రధనస్సు రంగులు, బుడగలు కనిపిస్తే రెండు గాజుల్ని అతికించిన జిగురు ఊడుతోందని అర్థం. ఈ మూడింటిలో ఏది కనిపించినా లెన్స్ తిరిగి ఇచ్చేయండి, ధర ఎంత తగ్గించినా సరే.

తర్వాత ముందరి ఫిల్టర్ మరలు చూడండి. ఎక్కడైనా సొట్ట ఉంటే కిందపడిన లెన్స్. వెనక మౌంట్ స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారు. విప్పడమే తప్పు కాదు, ఎవరు విప్పారో, దేనికి విప్పారో అడగండి. జూమ్ రింగ్ ఒకచోట వదులుగా, ఒకచోట బిగుతుగా తిరగకూడదు. ఆటోఫోకస్ తిరుగుతున్నప్పుడు కీచుమని శబ్దం వస్తే మోటారు అలిసిపోయింది.

చివరగా ఒక దినపత్రిక పేజీ గోడకి అంటించి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, కెమెరా నిటారుగా పట్టుకుని ఫొటో తీయండి. స్క్రీన్ మీద నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. నాలుగూ కొద్దిగా మెత్తబడితే మామూలే. మూడు బాగుండి ఒక మూల అక్షరాలే కరిగిపోతే, లోపల గాజు పక్కకి ఒరిగిందన్నమాట. పెళ్లి గ్రూప్ ఫొటోలో ఆ మూలన నిలబడేది ఎవరో ఒక పెద్దమ్మగారే. ఆవిడ ముఖం మసకబారితే ఎంత బాధపడతారో పెళ్లిళ్లు తీసినవాళ్లకి తెలుసు.

బాడీ

షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందన్న లెక్క, అందరూ అడుగుతారు, మీరూ అడగండి. నికాన్‌లో అయితే అప్పుడే తీసిన ఫొటో ఫైల్‌లోనే ఆ సంఖ్య రాసి ఉంటుంది, ఫొటో వివరాలు (ఎక్సిఫ్) చూపించే యాప్‌లో కనపడుతుంది. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి చాలావరకు కేబుల్ పెట్టి కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. డీ750, ఫైవ్‌డీ మార్క్ 3 షట్టర్లకి కంపెనీ చెప్పిన లెక్క 1,50,000. డీ850కి 2,00,000. పెళ్లికి రెండు మూడు వేల క్లిక్కులు వేసుకుంటే, లక్షన్నర అంటే యాభై నుంచి డెబ్భై ఐదు పెళ్లిళ్లు. ఆ సంఖ్య దాటగానే ఆగిపోతుందని కాదు. కానీ లక్ష దాటిన బాడీకి కొత్త షట్టర్ ఖర్చు మనసులో పెట్టుకునే బేరమాడాలి.

నా మటుకు నేను షట్టర్ కౌంట్ కన్నా ఎక్కువగా చూసేది హాట్ షూ, అంటే కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు. పెళ్లిళ్లలో ఫ్లాష్ పెట్టీ తీసీ, మండపంలో జనం తగిలీ అది వదులవుతుంది. మీ ఫ్లాష్, ట్రిగ్గర్ (దూరంగా ఉన్న ఫ్లాష్‌ని వెలిగించేది) వెంట తీసుకెళ్లి పెట్టి, అటూ ఇటూ మెల్లగా ఊపుతూ క్లిక్ చేయండి. ఒక్కసారి ఫ్లాష్ వెలగకపోయినా అది వద్దు. మాంగల్యధారణ రెండోసారి జరగదు.

కార్డు స్లాట్లు రెండూ పరీక్షించండి. ఫైవ్‌డీ మార్క్ 3లో ఒకటి సీఎఫ్, ఒకటి ఎస్‌డీ. సీఎఫ్ స్లాట్‌లో టార్చ్ వేసి చూస్తే సన్నటి పిన్నులు వరుసగా కనపడతాయి, ఒక్కటి వంగినా కార్డు కూర్చోదు. అందులో ఎస్‌డీ స్లాట్ నెమ్మది, అది లోపం కాదు, దాని తీరే అంత.

సెన్సర్‌కి: ఎపర్చర్ 16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, ఆకాశాన్ని తీయండి. చుక్కలు కనిపిస్తే బ్లోయర్‌తో ఊది మళ్లీ తీయండి. చోటు మారినా మాయమైనా దుమ్ము. క్లీనింగ్ చేయించినా అక్కడే ఉంటే గీత, వదిలేయండి.

ఫోకస్ సరిగ్గా పడుతోందా అన్నది వ్యూఫైండర్‌లోంచి ఒకటి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఒకటి తీసి పోల్చండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్ ఫోకస్‌ని కింద ఉన్న వేరే సెన్సర్ చూస్తుంది, అందుకే ఈ తేడా వస్తుంది. లైవ్ వ్యూలో బాగుండి వ్యూఫైండర్‌లో తప్పితే కంగారుపడకండి, డీ750లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ మెనూతో సరిచేసుకోవచ్చు. నికాన్ డీ3000, డీ5000 వరుస చిన్న బాడీల్లో ఆ మెనూ ఉండదు.

బ్యాటరీ వయసు కెమెరానే చెబుతుంది. డీ750 బ్యాటరీ ఇన్ఫోలో 0 నుంచి 4 దాకా అంకె ఉంటుంది, 4 అంటే అయిపోయినట్టే. ఫైవ్‌డీ మార్క్ 3లో మూడు ఆకుపచ్చ గళ్లు ఉండాలి. ఆ పేజీ అసలు తెరుచుకోకపోతే అది కంపెనీ బ్యాటరీ కాకపోవచ్చు.

ఇదే డబ్బుకి చవక మిర్రర్‌లెస్ వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ అందులో సైలెంట్ షట్టర్ పెట్టి ఎల్‌ఈడీ లైట్ల కింద తీస్తే ఫొటోలో అడ్డచారలు పడొచ్చు, సెన్సర్ పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా చదువుతుంది కాబట్టి. ఒక్కసారిగా మొత్తం చదివే గ్లోబల్ షట్టర్‌తో సోనీ 2023లో ఏ9 మార్క్ 3 ప్రకటించింది, అది కొత్తవాళ్ల బడ్జెట్ కాదు. మన మండపాల్లో ఎల్‌ఈడీ వాల్ లేని పెళ్లి ఎక్కడుంది?

ఫ్లాష్, కాగితాలు

ఫ్లాష్ గోడాక్స్ తీసుకోండి. ఎక్స్ రేడియో సిస్టమ్ ఉన్న రకమే. రేపు కెనాన్ నుంచి నికాన్‌కో సోనీకో మారినా స్టాండ్ల మీది ఫ్లాష్‌లు అలాగే పనికొస్తాయి, కెమెరా మీది ట్రిగ్గర్ ఒక్కటి మార్చుకుంటే చాలు.

బిల్లు లేకుండా దొంగ సొత్తు చేతికొస్తే కెమెరా పోతుంది, స్టేషన్ చుట్టూ తిరగాల్సీ వస్తుంది. బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు, బాక్సు మీదిది, వారంటీ కార్డు మీదిది కలవాలి. వ్యక్తి దగ్గర కొంటే ఆధార్ కాపీ మీద ఫలానా నంబరు కెమెరా అమ్మానని సంతకం పెట్టించుకోండి. డబ్బు యూపీఐలో పంపండి, రికార్డు ఉంటుంది. చేతికే క్యాష్ కావాలని పట్టుబడితే బేరం వదులుకోండి.

ఇంటికి తెచ్చాక

తోలు సంచులు, బీరువాలు వద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు చాలు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగితే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ హాల్లోంచి బయట అప్పగింతలకి వచ్చేటప్పుడు లెన్స్ మీద ఆవిరి పడుతుంది. అరగంట ముందే కెమెరాని సంచిలో జిప్ వేసి బయట పెట్టించండి, నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆవిరి పట్టాక తుడిచి లాభం లేదు, లెన్స్ విప్పితే తేమ లోపలికి పోతుంది.

కొన్న వారంలోనే పెళ్లికి తీసుకెళ్లకండి. ముందు ఒక పుట్టినరోజో, గృహప్రవేశమో దానితో తీయండి. రెండు కార్డుల్లోనూ రాసేలా సెట్టింగ్ పెట్టి, ఫ్లాష్‌తో గంటల తరబడి వాడి చూడండి. షాపువాడు ఎన్ని రోజుల్లోపు తిరిగి తీసుకుంటాడో కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోండి, ఆ గడువు లోపలే ఈ పని అయిపోవాలి.