హైబ్రిడ్ బ్యాటరీ మార్చమన్నారు, తుప్పు తీస్తే సరిపోయింది

కారులో వార్నింగ్ లైట్ వెలిగి పీ0ఏ80 కోడ్ (హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చమని చెప్పేది) వచ్చింది, అందరూ బ్యాటరీ ప్యాక్ మొత్తం పోయిందన్నారు, కానీ ఈ కోడ్ ఒక్కటే చూసి ప్యాక్ మార్చేయకండి ప్లీజ్. స్కానర్ పెట్టి ప్యాక్‌లోని 14 బ్లాకుల (కొన్నేసి సెల్స్ కలిపిన గుంపులు) వోల్టేజీ లైవ్‌లో చూశా, కారు ఆగి ఉన్నప్పుడు అన్నీ సమానమే, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక బ్లాక్ టక్కున పడిపోతోంది, బ్రేక్ వేస్తే (అప్పుడు బ్యాటరీ ఛార్జ్ అవుతుంది) అదే బ్లాక్ మిగతావాటికంటే పైకి లేస్తోంది. సెల్ కెపాసిటీ తగ్గితే మామూలుగా మెల్లగా జారుతూ పోతుంది, ఇలా కరెంటుతో పాటే అటూ ఇటూ గెంతుతుంటే సెల్ లోపలో, కనెక్షన్‌లోనో ఎక్కడో రెసిస్టెన్స్ ఉన్నట్టు.

ఇక్కడ జాగ్రత్త, ఇది 200 వోల్టుల డీసీ. సర్వీస్ ప్లగ్ (ప్యాక్ నుంచి బయటికి వెళ్లే హై వోల్టేజీని తెంచేది) పీకి, ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీ అవ్వడానికి 10 నిమిషాలు ఆగి, అక్కడ మీటర్‌తో సున్నా చూసుకున్నాకే ముందుకెళ్లా, 1000 వోల్టుల గ్లవ్స్ అస్సలు తియ్యలేదు ఎందుకంటే ప్లగ్ పీకినా ప్యాక్ లోపల కరెంటు ఉంటుంది.

మూత తీస్తే ఆ బ్లాక్ దగ్గర రాగి బస్‌బార్ (సెల్స్‌ని కలిపే పట్టీ) మీద పచ్చగా చిలుం, నట్టు కింద కూడా. శుభ్రంగా రుద్ది, సెన్స్ వైరింగ్ (బ్లాకుల వోల్టేజీ కొలిచే వైర్లు) కొత్తది వేసి, నట్లు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించా. ఇప్పుడు లోడ్‌లో కూడా బ్లాకులన్నీ కలిసే కదులుతున్నాయి, కోడ్ మళ్లీ రాలేదు.