మడ బురదలో దొరికిన పాలీకీట్ పురుగు ఏ కుటుంబందో పట్టుకోవడం ఎలా

కాకినాడ నుంచి యానాం దాకా, అటు అంతర్వేది వైపు కూడా, పాటు తీసినప్పుడు బురదలో చెయ్యి పెడితే ఎర్రటి పురుగులు వస్తాయి కదండీ, మనోళ్ళు చాలామంది వానపామే అనుకుని గాలానికి ఎరగా గుచ్చేస్తారు, హేచరీల్లో మాత్రం రొయ్య బ్రూడర్లకి, అంటే గుడ్ల కోసం పెంచే పెద్ద రొయ్యలకి, మేతగా వేస్తారు కాబట్టి అక్కడ అందరికీ ఇది పాలీకీట్ అనే తెలుసు, అంటే ఒంటి పక్కలకి గట్టి వెంట్రుకల్లాంటి శూకాలుండే పురుగు. డిగ్రీలో నీరిస్ అని ఒక్కదాన్నే చదివి వచ్చేస్తాం గానీ ప్రపంచం మొత్తం మీద వీటిలో 10,000కి పైనే జాతులున్నాయి. మన బురదలో దొరికినదాన్ని కనీసం కుటుంబం వరకు ఎలా గుర్తుపట్టాలో, నేను చేసిన తప్పులతో సహా చెప్తాను.

కోరింగ అభయారణ్యం లోపల ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ లేకుండా ఏమీ తియ్యకండి, బయట ఏటి మొగల దగ్గరే కావలసినంత బురద ఉంది. అమావాస్యకో పౌర్ణమికో వెళ్తే నీరు బాగా లాగుతుంది. ఏ నెలలో తీశారో కూడా ముఖ్యమే, ఎందుకంటే గోదాట్లో ఎర్రనీళ్ళు దిగాక ఉప్పు పడిపోతుంది, వేసవిలో అదే చోట కనిపించినవి అప్పుడు కనిపించకపోవచ్చు, అందుకే ఒక్కసారి వెళ్ళి ఇక్కడ ఇవే ఉన్నాయి అని రాసెయ్యకూడదు.

పారతో ఒక అడుగు లోతు బురద తీసి బకెట్లో వేసి, 500 మైక్రాన్ల మెష్ మీద అక్కడి ఉప్పునీళ్ళే పోస్తూ మెల్లగా కడగండి, హేచరీ సామాన్లు అమ్మే చోట ఆ మెష్ గుడ్డ దొరుకుతుంది. గట్టిగా రుద్దితే తల మీద మీసాలన్నీ ఊడిపోతాయి, మీసాలు పోయాక గుర్తుపట్టడం దాదాపు కుదరదు. తెల్లగా దూదిలాంటి వెంట్రుకలున్న పురుగు వస్తే చేత్తో ముట్టుకోకండి, అది ఆంఫినోమిడే కుటుంబానిది కావచ్చు, ఆ శూకాలు చర్మంలో విరిగిపోయి భగ్గున మండుతుంది.

బతికున్న పురుగుని తిన్నగా ఫార్మలిన్‌లో పడేస్తే ముడుచుకుని చుట్టలా అయిపోతుంది. ముందు మెగ్నీషియం క్లోరైడ్, లీటరు మంచినీళ్ళకి 70 గ్రాముల లెక్కన కలిపి, అందులో కాసేపు ఉంచితే మత్తెక్కి సాగుతుంది. ఆ తర్వాత ఒక వంతు ఫార్మలిన్‌కి తొమ్మిది వంతుల సముద్రపు నీళ్ళు కలిపి రెండు మూడు రోజులుంచి, నీళ్ళలో కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. గ్లవ్స్ వేసుకుని గాలి ఆడే చోటే చెయ్యండి. ఇంకో మాట, ఒకటి రెండు పురుగుల్ని ఫార్మలిన్ తగలకుండా నేరుగా 95 శాతం ఆల్కహాల్‌లో పెట్టండి, నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టులో అన్నీ ఫార్మలిన్‌లోనే వేసేశాను, తర్వాత డీఎన్ఏ చూద్దామంటే ఏమీ రాలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు లెన్స్ కింద తల చూడండి, అసలు పని ఇక్కడే. నాలుగు కళ్ళు, ముందు రెండు చిన్న మీసాలు, వాటి పక్కన లావుపాటి రెండు పాల్ప్‌లు అంటే స్పర్శకి వాడే బొడిపెలు, వెనకాల మూడు నాలుగు జతల పొడవాటి సిర్రై అంటే దారాల్లాంటి పోగులు ఉంటే అది నీరిడిడే, డిగ్రీలో చదివిన నీరిస్ కుటుంబం. గొంతు దగ్గర మెల్లగా నొక్కితే తొండం బయటికొచ్చి రెండు కొక్కేల దవడలు కనిపిస్తాయి, తొండం మీద నల్లటి చుక్కలు అంటే పారాగ్నాత్‌లు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో బొమ్మ గీసుకోండి, ఈ కుటుంబం లోపల జాతుల్ని విడదీసేది అవే. అసలు చుక్కలే లేవంటే, పైగా ఉప్పు తక్కువున్న కాలవ గట్టు బురదలో దొరికిందంటే, ఇదే కుటుంబంలోని నమాలికాస్టిస్ వైపు ఆలోచించాలి. తల సూదిలా కోసుగా ఉండి దాని మీద ఉంగరాల్లా గీతలుంటే గ్లిసెరిడే, తొండం చివర నాలుగు దవడలుంటాయి, వాటికి విషం కూడా ఉంది, కరుస్తాయి జాగ్రత్త. దీన్నే బ్లడ్ వార్మ్ అంటారు గానీ అక్వేరియం షాపుల్లో గడ్డకట్టించి అమ్మే బ్లడ్ వార్మ్ వేరు, అది ఈగ జాతి పురుగు పిల్ల.

బురదలోంచి గుల్ల ముక్కలు, ఆకు ముక్కలు అతికించిన గొట్టం పొగ గొట్టంలా లేచి ఉంటే అది డయోపాట్రా, ఓనుఫిడే కుటుంబం, తల మీద అయిదు మీసాలు, మీసాల మొదట్లో ఉంగరాలు, మొప్పలు స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి, నాకు చూడ్డానికి అన్నిట్లోకీ ఇదే అందం. అయిదు మీసాలుండి ఆ ఉంగరాలు లేకపోతే, మొప్పలు దువ్వెనలా ఉంటే మార్ఫైసా, యూనిసిడే కుటుంబం. మీసాలే లేకుండా అచ్చం వానపాములా ఉంటే కాపిటెల్లిడే, కాలవ మురుగు కలిసే చోట ఎక్కువుంటాయి. పడవ అడుగున, ఆలిచిప్పల మీద తెల్లటి సున్నపు గొట్టాలు కట్టేవి సెర్పులిడే.

డిగ్రీ పుస్తకాల్లో ఎర్రాన్షియా, సెడెంటేరియా అని తిరిగేవీ కదలనివీ అన్నట్టు చదివాం కదా, 2011లో జన్యువులతో చూసినప్పుడు ఆ రెండు పేర్లూ నిలబడ్డాయి గానీ లోపలి కుటుంబాలు కొన్ని అటూ ఇటూ మారాయి, వానపాములు, జలగలు కూడా సెడెంటేరియా లోపలికే వచ్చాయి. అంటే వానపాము అనుకునే మనోళ్ళ మాట మరీ అంత దూరం కాదు.

పేరు పెట్టే దగ్గర మాత్రం తొందరపడకండి. ఫావెల్ 1953లో రాసిన భారత పాలీకీట్ల పుస్తకం ఇప్పటికీ అవసరమే, కానీ అందులో యూరప్ పేర్లు చాలా మన పురుగులకి పెట్టేసి ఉన్నాయి. నేను నా పురుగుకి మార్ఫైసా సాంగ్వీనియా అని రాసేశాను, తీరా చూస్తే అది ఇంగ్లండ్ దక్షిణ తీరంలో దొరికినదానికి పెట్టిన పేరు, 2003లో దాన్ని మళ్ళీ వివరంగా వర్ణించాక ఊరూరా అదే పేరు పెట్టడం తప్పని తేలింది. మన పక్కనే చిలికా సరస్సు నుంచి సదరన్ అనే శాస్త్రవేత్త 1921లో మార్ఫైసా గ్రేవ్‌లీ అని వర్ణించి పెట్టాడు, నేను దాంతో పోల్చి కూడా చూడలేదు. కాపిటెల్లా కాపిటాటా కూడా అంతే, ఒకటే జాతి అనుకున్నది 1976లో చూస్తే ఒకేలా కనపడే చాలా జాతులని తేలింది. కాబట్టి మొదట వర్ణించిన పేపర్ చూసి, వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీసీస్ అనే సముద్రజీవుల పేర్ల జాబితాలో ఆ పేరు ఇప్పుడు చెల్లుతుందో లేదో చూసి, అప్పటికీ అనుమానముంటే నీరిడిడే, జాతి తేలలేదు అని రాసి ఆగిపోండి, అది చిన్నతనం ఏం కాదు.

సీసా లోపల చీటీ పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, తేదీ, పోటా పాటా, బురదా ఇసకా, నీటి ఉప్పు, తీసినవాళ్ళ పేరు. ఏడాదికోసారి మూత తీసి ఆల్కహాల్ తగ్గితే పొయ్యండి.