పెద్ద బండి కొనాలా వద్దా? ఆయిల్ ఖర్చు లెక్క వేసి తేల్చుకోవడం ఎలా

గోదావరి జిల్లాల్లో పెద్ద బండి మీద వాదన మొదలైతే ఒక పట్టాన తెగదు. "ఇంటి ముందు ఫార్చ్యూనర్ ఉంటే ఆ పరువే వేరండి" అని ఒకరంటే, "లీటరుకి పది కూడా ఇవ్వని బండిని మేపడం ఎవరి వల్ల అవుతుందండి" అని ఇంకొకరంటారు. ఇద్దరూ చెప్పేవి నోటి లెక్కలే. కాగితం మీద పెట్టి చూసుకుంటే ఏ ఇంటికి ఏ బండి సరిపోతుందో చాలావరకు అదే తేలిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సీట్లు నిండేటట్టయితే పెద్ద బండి కొనడంలో తప్పేమీ లేదు, నిండకపోతే మాత్రం నెలనెలా బంకులో పోసే ఆ డబ్బు పిల్లల చదువుకో చెరువు పెట్టుబడికో పోవాల్సినది.

ఇప్పుడే ఈ లెక్క ఎందుకంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల మీద జీఎస్టీ మారింది. 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని బండ్లకు 18 శాతం, అంతకు మించిన వాటికి 40 శాతం పెట్టారు. పెద్ద వాటికి అంతకు ముందు సెస్సుతో కలిపి 50 శాతం దాకా పడేది కాబట్టి షోరూంలో రేటు బాగానే తగ్గింది. కానీ పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు. వాటి మీద కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాటు అలాగే ఉన్నాయి. అంటే కొనే ఖర్చు తగ్గిందే గానీ తిప్పే ఖర్చు తగ్గలేదు, ఈ తేడా చూసుకోకుండా ఆఫర్ ఉందని అడ్వాన్సు కట్టేసేవాళ్ళే తర్వాత ఇబ్బంది పడతారు.

1. ఒక నెల తిరుగుడు రాసి పెట్టండి

చిన్న నోటుబుక్కు తీసుకుని ఒక నెలపాటు మీ ఇంట్లో వాళ్ళు ఎక్కడికి వెళ్ళారు, ఎన్ని కిలోమీటర్లు, బండిలో ఎంతమంది కూర్చున్నారు, ఈ మూడూ రాయండి. చాలామంది కిలోమీటర్లు రాసి ఆపేస్తారు, అసలు సంగతంతా మూడో గడిలోనే ఉంటుంది. అమలాపురం నుంచి రావులపాలెం బ్యాంకు పనికి ఒక్కరే, చెరువు గట్టు దాకా ఒక్కరే, రాజమండ్రి హాస్పిటల్‌కి ముగ్గురు, పాలకొల్లులో పెళ్ళికి ఏడుగురు, ఇలా ఉంటుంది ఎవరి పుస్తకమైనా. నెలాఖరుకి చూడండి, అయిదుగురికి మించి ఎక్కిన రోజులు ఎన్ని ఉన్నాయో. ఈ పని కొనకముందే చేయాలి, కొన్నాక చేస్తే ఏదో ఒకటి చెప్పి మనమే సర్దుకుపోతాం.

2. నిజమైన మైలేజీ ఎంతో పట్టుకోండి

కంపెనీ చెప్పే మైలేజీ ల్యాబులో పరీక్ష పెట్టి తీసినది, మన గతుకుల రోడ్ల మీద, మన సెంటర్ల ట్రాఫిక్‌లో అంత రాదు. బండి మీదే అయితే ఫుల్ ట్యాంకు పద్ధతి వాడండి. పంపు గొట్టం చివరనుండే పిస్టల్ దానంతట అదే ఆగేదాకా కొట్టించండి, ఇంకా కుక్కమనొద్దు, మీటరు రీడింగు రాసుకోండి. కనీసం సగం ట్యాంకు అయ్యేదాకా తిప్పి మళ్ళీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అలాగే ఆగేదాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అదే మీ మైలేజీ. ఒకసారి చూసి నమ్మకండి, వరసగా మూడు నాలుగు సార్లు తీసి సగటు చూడండి.

కొలత మీద అనుమానం ఉంటే బంకులో 5 లీటర్ల ప్రభుత్వ ముద్ర ఉన్న కొలపాత్ర ఉంటుంది, దాంట్లో కొట్టి చూపించమని అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు.

ఇంకా కొనలేదంటే, అదే మోడల్ బండి మీ రోడ్ల మీదే నడుపుతున్నవాళ్ళని అడగండి. హైదరాబాదులో ఉండే బావగారి బండి ఇచ్చే మైలేజీ మీకు పనికిరాదు.

3. కిలోమీటరుకి ఎన్ని రూపాయలో తీయండి

రేట్లు మారుతుంటాయి కాబట్టి లెక్క తేలికగా ఉండటానికి డీజిల్ 100, పెట్రోలు 110 అనుకుందాం, మీరు చేసేటప్పుడు ఆ రోజు బంకు బోర్డు మీదున్న రేటు వేసుకోండి. పెద్ద డీజిల్ బండి లీటరుకి 10 ఇస్తే కిలోమీటరుకి 10 రూపాయలు. చిన్న పెట్రోలు కారు 16 ఇస్తే కిలోమీటరుకి 6 రూపాయల 90 పైసలు. నెలకి 1,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఇది 10,000కీ 6,900కీ ఉన్న తేడా, అంటే నెలకి మూడువేల పైచిలుకు, ఏడాదికి 37,000 దాకా.

ఇక్కడే రెండో వైపు కూడా చూడాలి. అదే పెద్ద బండిలో ఏడుగురు ఎక్కితే మనిషికి కిలోమీటరుకి రూపాయి నలభై పైసలు పడుతుంది, చిన్న కారులో ఒక్కరే వెళ్తే దాదాపు ఏడు రూపాయలు. కాబట్టి "పెద్ద బండి అంటేనే దండగ" అనే మాట నిజం కాదు, ఉమ్మడి కుటుంబం ఉండి తరచూ అందరూ కలిసి తిరిగేవాళ్ళకి రెండు చిన్న కార్లు తీయడం కంటే అదే నయం. మీ నోటుబుక్కులో మూడో గడి ఎందుకు రాయమన్నానో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఇంకో మాట, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చూడటం అలవాటు చేసుకోండి. 8 ఇచ్చే బండి బదులు 10 ఇచ్చేది తీసుకుంటే 100 కిలోమీటర్లకి రెండున్నర లీటర్లు మిగులుతాయి. 16 ఇచ్చేదాని బదులు 20 ఇచ్చేది తీసుకుంటే మిగిలేది లీటరుంబావు మాత్రమే. వినడానికి రెండోదే పెద్ద లాభంలా ఉంటుంది, జేబులో మిగిలేది మాత్రం మొదటిదాంట్లోనే ఎక్కువ. ఇంట్లో పెద్దదీ చిన్నదీ రెండూ ఉన్నవాళ్ళు ముందు పెద్దదాని తిరుగుడు తగ్గించుకోవాలి, చిన్నదాని మైలేజీ గురించి టెన్షన్ తర్వాత పడొచ్చు.

4. మిగతా ఖర్చులు కలపండి

ఇది త్వరగా అయిపోతుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఏడాదికి 1000 సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, 1500 సీసీ దాటితే 7,897. బండి ధర పెరిగేకొద్దీ లైఫ్ ట్యాక్సూ పెరుగుతుంది. టైర్లు, సర్వీసింగు, ఈఎంఐ కలిపి నెలకి ఎంతో రాసి పక్కన పెట్టుకోండి.

5. డీజిలా పెట్రోలా అన్నది మీ రోడ్డు చూసి తేల్చండి

2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి పెడుతున్నారు, మెకానిక్కులు డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడిచి ఆ ఫిల్టరు బాగా వేడెక్కాలి. రోజూ ఇంటి నుంచి సెంటరుకి, సెంటరు నుంచి చెరువుకి, కాలువ గట్టు మీద ముప్పైలో వెళ్ళి ఆగిపోయే బండికి ఆ అవకాశం ఉండదు, ఫిల్టరు పూడుకుపోయి లైటు వెలుగుతుంది, అలా వదిలేస్తే పెద్ద ఖర్చుకి దారి తీస్తుంది. వారానికోసారైనా 16వ నంబరు జాతీయ రహదారి మీదో 216 మీదో ఇరవై నిమిషాలు ఒకే వేగంతో వెళ్ళే పని లేనివాళ్ళు డీజిల్ జోలికి పోకపోవడమే మంచిది. నెలకి పదిహేను వందల కిలోమీటర్లు దాటి, అదీ హైవే మీదే తిరిగేవాళ్ళకి డీజిల్ సరే.

పెట్రోలు తీసుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. లీటరుకి ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, అందువల్ల మైలేజీ కొద్దిగా తగ్గుతుంది, ఆ మేరకు లెక్కలో వేసుకోండి. ఏడుగురు పట్టే బండే కావాలి, ఖర్చు తగ్గాలి అంటే సీఎన్‌జీ కూడా చూడొచ్చు, కాకపోతే సిలిండరు డిక్కీని తినేస్తుంది, మీ దారిలో గ్యాసు బంకు ఉందో లేదో ముందు చూసుకోండి.

6. యానాం లెక్క

యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ పన్ను తక్కువ, మన దగ్గర పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, ఆ పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే ఎదుర్లంక వారధి దాటి కొట్టించుకొస్తారు. లీటరుకి 10 రూపాయలు తేడా ఉందనుకున్నా 40 లీటర్లకి మిగిలేది 400. దానికోసమే రానూపోనూ 60 కిలోమీటర్లు పెద్ద బండి తిప్పితే 600 కాలుతుంది. కాకినాడ వెళ్ళే దారిలో యానాం తగిలితే ఫుల్ చేయించుకోండి, పనిగట్టుకుని వెళ్ళకండి. క్యాన్లలో పట్టి డిక్కీలో తేవడం మాత్రం ఎంత చవకైనా వద్దు, ఎండాకాలంలో అది ప్రాణాలతో చెలగాటం.

7. సంక్రాంతికీ పెళ్ళిళ్ళకీ కిరాయి

అందరూ చెప్పే కారణం ఇదే, పండక్కి అమ్మాయీ అల్లుడూ పిల్లలూ వస్తారు, అందరం కలిసి అంతర్వేది వెళ్ళాలి, అప్పుడు చిన్న కారు చాలదు. నిజమే. అయితే ఆ రోజులకి ఇన్నోవా కిరాయి ఎంతో కనుక్కోండి, కిలోమీటరు రేటు, డ్రైవరు బత్తా, పండగ రోజుల్లో ఎక్కువ అడిగేది కూడా కలపండి. నోటుబుక్కులో అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని వస్తాయో గుణించి, పెద్ద బండికీ చిన్న బండికీ ఏడాదిలో ఆయిలూ ఈఎంఐ కలిపి వచ్చే తేడా పక్కన పెట్టండి. చాలా ఇళ్ళల్లో కిరాయి మొత్తమే బాగా తక్కువ వస్తుంది. పండక్కి బండి దొరకదేమో అని భయమైతే డిసెంబరులోనే మాట్లాడి పెట్టుకోండి.

8. ఇప్పటికే పెద్ద బండి ఉంటే

అమ్మేయాల్సిన పని లేదు. ఎత్తూ వెడల్పూ ఉన్న బండికి గాలి పెద్ద శత్రువు, 80లో వెళ్ళేటప్పటికంటే 110లో గాలి తోపు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి హైవే మీద వేగం తగ్గించడమే అన్నిటికంటే పెద్ద పొదుపు. పైన క్యారియరు ఖాళీగా ఉంటే విప్పేయండి. టైర్లలో గాలి నెలకి రెండుసార్లు, బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర రాసి ఉన్న లెక్క ప్రకారం పట్టించండి. ఫంక్షన్ హాలు బయట ఏసీ వేసుకుని గంటల తరబడి ఇంజను ఆన్‌లో ఉంచి కూర్చోవద్దని డ్రైవరుకి చెప్పండి. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు గాల్లో కలుస్తుంది, సముద్రం అంచున ఉన్న మన కోనసీమ వాళ్ళం అది పట్టించుకోకపోతే ఎలా?

9. ఇంట్లో వాదన వచ్చినప్పుడు

"వరదలొస్తే పెద్ద బండి ఉండాలి" అంటారు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చేసరికి లంకల కాజ్‌వేలు మునిగి ఉంటాయి, అప్పుడు దిక్కు పడవే. రెండడుగుల లోతు పారే నీరు ఎంత పెద్ద కారునైనా చాలావరకు తేల్చి లాక్కుపోగలదు. బండి ఎత్తుగా ఉందన్న ధీమాతో నీళ్ళలోకి దిగడమే అసలు ప్రమాదం.

"పెద్ద బండ్ల వల్లే రోడ్లు పాడవుతున్నాయి" అని అటువైపు వాళ్ళంటారు, ఇది కూడా సరికాదు. 1950ల చివర్లో అమెరికాలో చేసిన రోడ్డు పరీక్షల ప్రకారం ఇరుసు మీద బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లు అవుతుంది, ఆ లెక్కన మన రోడ్లని దెబ్బతీసేది ఇసుక లారీలూ చేపల లారీలూ గానీ ఫార్చ్యూనర్ కాదు. పెద్ద కార్లతో అసలు ఇబ్బంది వెడల్పు. ఫార్చ్యూనర్ 1,855 మిల్లీమీటర్లు, వ్యాగనార్ 1,620, జానెడు తేడా. కాలువ గట్టు మీద ఎదురుగా స్కూలు ఆటో వస్తే ఆ జానెడే ముఖ్యం.

ఎత్తైన ముందు భాగం విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే రోడ్డు భద్రతా సంస్థ 2023లో తేల్చిందేమంటే, బానెట్ 40 అంగుళాలు దాటిన బండ్లు గుద్దితే, ఎత్తు తక్కువ ఉండి ముందుకు వాలుగా ఉండే కార్లతో పోలిస్తే, నడిచేవాళ్ళు చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. మన ఊళ్ళల్లో ఫుట్‌పాత్ ఉండదు, పిల్లలు రోడ్డు మీదే నడుస్తారు, సైకిళ్ళూ అక్కడే. ముందు ఇనప గార్డు బిగించారంటే ఇంకా ప్రమాదం, కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిని వద్దంది, ఉంటే వెంటనే తీయించేయండి. పారిస్‌లో 2024 ఫిబ్రవరిలో ఓటింగు పెట్టి మరీ బయటి నుంచి వచ్చే బరువైన కార్లకి పార్కింగు రుసుం మూడింతలు చేయాలని తేల్చారు, మన దగ్గర అంత దూరం వెళ్ళకపోయినా ఈ ప్రశ్న ఇక్కడా రావాల్సిందే.

ఇక అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులు, కింద ఉన్న సీట్లో కూర్చుని లేవలేరు అంటే అది నిజమైన కారణమే, దాన్ని తోసేయకండి. దానికి రెండు టన్నుల బండి అక్కర్లేదు, ఎత్తు సీటున్న చిన్న కార్లు ఉన్నాయి. వాళ్ళని షోరూంకి తీసుకెళ్ళండి. ముందు సీట్లో, వెనక సీట్లో, రెండు వైపుల నుంచీ ఎక్కించి దింపి చూడండి. పెద్ద బండి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఎక్కలేకపోయేవాళ్ళు కూడా ఉంటారు, అది అక్కడే తెలిసిపోతుంది.