టెన్నిస్ ఎల్బోకు కరెంటుతో మందు ఎక్కించడం ఎలా?

మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి పట్టి నీళ్ళ చెంబు కూడా ఎత్తలేని వారికి డాక్టర్లు అప్పుడప్పుడు అయాంటోఫొరెసిస్ రాస్తారు. సూది గుచ్చకుండా, కొద్దిపాటి కరెంటుతో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందును చర్మంలోంచి లోపలికి పంపే పద్ధతి ఇది. ఫిజియోథెరపిస్టు చేయాల్సిన పని. ఇంట్లో బ్యాటరీలతో ప్రయత్నించకండి. అయితే చేసేవారే తప్పుగా చేస్తున్నారు కనుక, చేయించుకునేవారూ ఓ కన్నేసి ఉంచాలి.

యంత్రం డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు ఇచ్చేదే కావాలి. నొప్పి తగ్గడానికి పెట్టే టెన్స్, ఐఎఫ్‌టీ అనే కరెంటు యంత్రాల్లో కరెంటు దిశ మారుతూనే ఉంటుంది, మందు ఉన్నచోటే ఊగుతుంది. నొప్పి జెల్ పూసి, పైన టెన్స్ ప్యాడ్ అతికించి, మందు ఎక్కించామని బిల్లు వేసేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు, ఆ చోట లోహపు ప్లేటు ఉన్నవారికి, ఈ మందు పడనివారికి వద్దు. స్పర్శ తగ్గిన చర్మంపై అసలే వద్దు, కాలుతున్నా తెలియదు. చర్మాన్ని స్పిరిట్‌తో తుడవండి. వెంట్రుకలు కత్తిరించండి, గొరగకండి. గీత పడిన చోటే కరెంటంతా గుమిగూడుతుంది. మి.లీ.కి 4 మి.గ్రా. ఉండే డెక్సామెథాసోన్ సోడియం ఫాస్ఫేట్‌తో ప్యాడ్‌ను సమంగా తడపండి. చాల్లేదని సెలైన్ కలపకండి. అందులోని క్లోరైడ్ మందుకంటే ముందు దూరిపోతుంది.

ఇక అసలు మెలిక: ఏ తీగ ఎక్కడ?

సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని బడిలో చదివిందే. డెక్సామెథాసోన్ ఫాస్ఫేట్‌ది రుణావేశం. కాబట్టి మందు ప్యాడ్‌కు రుణ ధ్రువమే కలపాలి. అదే లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు అయితే ధన ధ్రువం. రెండూ ఒకే ప్యాడ్‌లో కలిపేవారి లెక్క నాకు ఎన్నడూ అర్థం కాలేదు. గత శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో స్టెఫాన్ లెడుక్ అనే శాస్త్రవేత్త కుందేళ్ళ మీద దీన్ని తేల్చేశాడు. ముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్‌ను ధన ధ్రువం కింద పెడితే కుందేలు మూర్ఛలతో చనిపోయింది. ధ్రువం మార్చి పెడితే దానికి ఏమీ కాలేదు. తీగ తారుమారైతే మీ మందు గతీ అంతే, ఇరవై నిమిషాలూ దండగ.

నలుపు తీగ రుణమని రంగును నమ్మకండి. మరమ్మతుకు వెళ్ళివచ్చిన యంత్రంలో తీగలు మారిపోయి ఉండటం నేను చూశాను. కాసిని ఉప్పునీళ్ళలో రెండు కొసలూ ఒకదానికొకటి తగలకుండా ముంచి కరెంటు ఇవ్వండి. బుడగలు ఎక్కువ వచ్చేది రుణం.

చర్మాన్ని ఎక్కువగా కాల్చేదీ ఆ ధ్రువమే, దాని కింద క్షారం తయారవుతుంది. మరోచోట చేయించుకుని, మోచేతిపై రూపాయి బిళ్ళంత మచ్చతో నా దగ్గరికి ఒకాయన వచ్చాడు. లోహపు కొస నేరుగా చర్మానికి తగిలిందట. అందుకే ప్యాడ్ ముడత లేకుండా అతకాలి, తడవని చోటు ఉండకూడదు. దాని కింద చదరపు సెంటీమీటరుకు అర మిల్లీ ఆంపియర్ దాటకూడదు. మందు లేని రెండో ప్యాడ్ పెద్దదిగా, కనీసం జానెడు దూరంలో ఉండాలి.

కరెంటును సున్నా నుంచి మెల్లగా పెంచండి. 4 మిల్లీ ఆంపియర్లతో పది నిమిషాల్లో ముగించేవారున్నారు. కరెంటును నిమిషాలతో గుణిస్తే మందు లెక్క అంతే కావచ్చు, కానీ 2 మిల్లీ ఆంపియర్లు, 20 నిమిషాలు, ఇదే పద్ధతి. చీమలు పాకినట్లుంటే సరే. మంటగా ఉందంటే ఓర్చుకోమనకండి, ఆపి ప్యాడ్ ఎత్తి చూడండి.

చివర కరెంటు సున్నాకు దించాకే ప్యాడ్ తీయాలి. ఎరుపు కొన్ని గంటలు ఉంటుంది. బొబ్బ కనిపిస్తే ఆ చోట మళ్ళీ పెట్టకండి. బొబ్బ లేకుంటే రోజు విడిచి రోజు, ఆరు సార్లు చాలు.