పాత డీఎస్ఎల్ఆరా, చిన్న మిర్రర్‌లెస్సా: డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

లెన్సులు మార్చుకునే కెమెరా మొదటిసారి కొనేవారి ముందు సాధారణంగా రెండు దారులుంటాయి. ఎవరో వాడి అమ్ముతున్న నికాన్ డీ3500, డీ5600, కెనాన్ 1500డీ, 200డీ మార్క్ 2 లాంటి డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే కెమెరా, ఒకటి. సీలు విప్పని కెనాన్ ఆర్50, సోనీ ఏ6400, జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్50 లాంటి చిన్న మిర్రర్‌లెస్, అంటే ఆ అద్దం లేనిది, రెండోది. ఫొటో నాణ్యత చూసి వీటి మధ్య తేల్చుకోవడం కుదరదు. అన్నిట్లోనూ ఉన్నది ఏపీఎస్-సీ అనే ఒకే తరగతి సైజు సెన్సరే (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు), 20 నుంచి 24 మెగాపిక్సెళ్లే. ఒకే వెలుతురులో, ఒకేలాంటి లెన్సుతో తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశారో చెప్పడం కష్టం. ఫోకస్ ఎలా పడుతుంది, వీడియో ఎలా వస్తుంది, రేపు ఏ లెన్సులు దొరుకుతాయి అన్న మూడు విషయాల్లోనే అసలు తేడా ఉంది.

అద్దం చేసే పని

డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు నుంచి వచ్చిన వెలుతురు ముందు ఒక అద్దం మీద పడి, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లోకి వెళ్తుంది. అందులో కొంత కిందికి మళ్లి, విడిగా అమర్చిన ఫోకస్ సెన్సరుకు చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, అప్పుడే అసలు సెన్సరు మీద వెలుతురు పడుతుంది. అంటే ఫోకస్ కొలిచే చోటు ఒకటి, ఫొటో పడే చోటు మరొకటి. ఈ రెంటికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా 50 ఎంఎం ఎఫ్1.8 లాంటి, వెడల్పుగా తెరుచుకుని ఫోకస్ లోతు తక్కువ ఉండే లెన్సులో కన్నుకు పడాల్సిన ఫోకస్ చెవి మీద పడుతుంది. లెన్సు బాగోలేదని చాలామంది అనుకునే సందర్భాల్లో తప్పు ఈ అమరికదే.

మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా కొలుస్తుంది కాబట్టి ఈ చిక్కు లేదు. పైగా ఫోకస్ పాయింట్లు దాదాపు ఫ్రేము అంచుల దాకా పరుచుకుని ఉంటాయి. 1500డీ వ్యూఫైండర్‌లో ఫోకస్ పాయింట్లు 9, డీ3500లో 11, డీ5600లో 39, అవీ మధ్యభాగంలోనే. ఏ6400లో 425. కదిలే మనిషి కన్నును పట్టుకుని వదలకుండా వెంటాడే పని ఇక్కడ కెమెరాయే చేస్తుంది. పరుగెత్తే పిల్లల్ని తీసేవారికి ఈ ఒక్క కారణం చాలు, మిర్రర్‌లెస్ కొనడానికి.

వ్యూఫైండర్ విషయంలో మాత్రం రెండు వైపులా న్యాయం ఉంది. అద్దంలో కనిపించేది నిజమైన వెలుతురు, ఆలస్యం ఉండదు, బ్యాటరీ తినదు. కానీ చవక డీఎస్ఎల్ఆర్‌లలో అది ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది. అంచున ఉన్న కరెంటు తీగ ఫొటో చూసినప్పుడే తెలుస్తుంది. మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో ఉండేది చిన్న తెర, అందులో ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో ముందే కనిపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ నేర్చుకునేవారికి చాలా మేలు. స్టూడియో ఫ్లాష్‌తో వాడితే అదే అడ్డమవుతుంది. షట్టర్ వేగం 1/160 సెకను, ఎఫ్8 పెట్టగానే తెర నల్లబడిపోతుంది. కెమెరా పాడైందని కంగారు పడక్కర్లేదు, మెనూలో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆపేస్తే మామూలుగా కనిపిస్తుంది. సోనీలో దీని పేరు లైవ్ వ్యూ డిస్‌ప్లే, అందులో సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ చేయాలి.

జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30లకు వ్యూఫైండరే లేదు, వెనక తెర ఒక్కటే. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట ఆ తెర మీద ఏమీ కనబడదు. ఇంట్లో కూర్చుని వీడియోలు చేసేవారికి ఇవి సరిపోతాయి. బయట తిరిగి ఫొటోలు తీసేవారు వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోవాలి.

చిన్నది అంటే ఎంత చిన్నది

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. బ్యాటరీ, కార్డుతో కలిపి డీ3500 బరువు 415 గ్రాములు, ఏ6400 బరువు 403. తేడా 12 గ్రాములే. ఎత్తులో మాత్రం 97 మిల్లీమీటర్లకు 67, సంచిలో సర్దేటప్పుడు తెలిసే తేడా అదే. ఆర్50 ఇంకా తేలిక, 375 గ్రాములు. దానికి 130 గ్రాముల 18-45 లెన్సు తగిలిస్తే మొత్తం 505. 1500డీకి 18-55 తగిలిస్తే 675 దాకా వస్తుంది.

పెద్ద లెన్సు తగిలించాక ఈ లాభం కరిగిపోతుంది. 200 ఎంఎం ఎఫ్2.8 లెన్సుకు 200ను 2.8తో భాగిస్తే వచ్చే 71 మిల్లీమీటర్ల వెడల్పున్న గాజు కావాల్సిందే. వెనక అద్దం ఉందా లేదా అన్నది ఆ గాజును తగ్గించదు. కొల్లేరులోనో నేలపట్టులోనో పక్షులు తీయాలనుకునేవారు బరువు తగ్గుతుందని మిర్రర్‌లెస్‌కు మారితే నిరాశ పడతారు. ఫోకస్ కోసం మారితే సరైన పని. పైగా పెద్ద లెన్సుకు చిన్న బాడీ ముందుకు వాలిపోతుంది, చిటికెన వేలికి పట్టు దొరకదు. దుకాణంలో మీరు వాడబోయే పెద్ద లెన్సు తగిలించి, అయిదు నిమిషాలు కంటికి ఎత్తి పట్టుకుని చూడండి.

బ్యాటరీ, వేడి, ట్యూబ్‌లైట్లు

కెమెరా తయారీదారుల సంఘం సీపా ప్రమాణం ప్రకారం ఒక్క చార్జింగుతో డీ3500 1,550 ఫొటోలు, డీ5600 970 ఫొటోలు తీస్తాయి. ఏ6400 వ్యూఫైండర్‌తో 360. గబగబా తీసుకుంటూ పోతే వాస్తవంలో ఇంతకంటే ఎక్కువే వస్తాయి గానీ నిష్పత్తి మారదు. రోజంతా సాగే పెళ్లికి డీ5600తో రెండు బ్యాటరీలు చాలు, ఏ6400కు నాలుగు పెట్టుకోవాలి. కెమెరాతో వచ్చేది పోను మిగిలిన మూడు బ్యాటరీల ఖర్చు మిర్రర్‌లెస్ ధరలో కలిపి చూసుకోండి. మిర్రర్‌లెస్ వాడేవారికి ఒక అలవాటు మేలు చేస్తుంది: మెడలో వేలాడేటప్పుడు స్విచ్ ఆపేయడం. వ్యూఫైండర్ పక్కనున్న కంటి సెన్సరుకు చొక్కా తగిలి తెర వెలుగుతూనే ఉంటుంది, ఫొటో తీయకపోయినా బ్యాటరీ అయిపోతుంది.

ఈ కెమెరాల మాన్యువళ్లలో పని చేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. మే నెలలో ఖమ్మంలోనో రామగుండంలోనో ఆ హద్దు దాటే రోజులు చాలా ఉంటాయి. 4కే వీడియో తీసేటప్పుడు సెన్సరు, ప్రాసెసరు ఆపకుండా పని చేస్తాయి, చిన్న బాడీలో ఆ వేడి పోయే దారి ఉండదు, కెమెరా తనంతట తానే ఆగిపోతుంది. వెనక తెరను బాడీకి దూరంగా తెరిచి ఉంచండి, కెమెరా మీద నీడ పడేలా గొడుగు పెట్టండి. ఏ6400, జెడ్‌వీ-ఈ10లలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్‌ను హైకి మార్చండి. పొడుగు రికార్డింగ్ అయితే 4కే మానేసి ఫుల్ హెచ్‌డీలో తీయడమే నమ్మకం.

ఇక సైలెంట్ షట్టర్, అంటే చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్. మిర్రర్‌లెస్ కొన్న వెంటనే అందరికీ నచ్చేదీ, ఫంక్షన్ హాలులో ఫొటోలు పాడుచేసేదీ అదే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సరును పైనుంచి కిందికి వరసగా చదువుతుంది, చదివే లోపు లైటు చాలాసార్లు మినుకుతుంది, ఫొటో మీద అడ్డ చారలు పడతాయి. సైలెంట్ ఆపేసి మామూలు షట్టర్‌కు మార్చి 1/50 లేదా 1/100 పెడితే చారలు పోతాయి. వీడియో అయితే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. వేదిక వెనక ఎల్ఈడీ గోడ ఉంటే అది వేరే వేగంతో మినుకుతుంది, ఈ లెక్క దానికి పనిచేయదు. కార్యక్రమం మొదలవకముందే నాలుగైదు వేగాల్లో తీసి చూసుకోవాలి.

వీడియో చేసేవారికి

పాత డీఎస్ఎల్ఆర్‌లలో వీడియో తీసేటప్పుడు అద్దం పైకి లేచి ఉంటుంది కాబట్టి కింద ఉన్న ఫోకస్ సెన్సరు పని చేయదు. డీ3500, డీ5600, 1500డీ అప్పుడు ఫోకస్ కోసం లెన్సును ముందుకీ వెనక్కీ తడుముతాయి, ఆ తడబాటు వీడియోలో కనిపిస్తుంది. కెనాన్ డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ (ఫొటో సెన్సరే ఫోకస్ కొలిచే పద్ధతి) ఉన్న డీఎస్ఎల్ఆర్‌లు దీనికి మినహాయింపు. 2013లో 70డీతో మొదలై 80డీ, 200డీ, 200డీ మార్క్ 2, 850డీలలో ఉంది. కానీ 200డీ మార్క్ 2, 850డీలలో 4కే పెడితే ఆ ఫోకస్ పని చేయదు, ఫుల్ హెచ్‌డీలోనే చేస్తుంది. డీ3500కు బయటి మైకు పెట్టే రంధ్రమే లేదు. వీడియో మీ ప్రధాన పని అయితే డీఎస్ఎల్ఆర్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

చిన్న మిర్రర్‌లెస్‌లకూ లోటుంది. పైన చెప్పినవాటిలో దేనికీ బాడీలో స్టెబిలైజేషన్, అంటే చేతి కదలికను సరిచేసే ఏర్పాటు, లేదు. నడుస్తూ తీయాలంటే ఓఎస్ఎస్, ఐఎస్, వీఆర్ అని రాసి ఉన్న లెన్సు కావాలి. మెనూలో ఉండే డిజిటల్ స్టెబిలైజేషన్ ఫ్రేము అంచుల్ని కోసేస్తుంది. కార్డు విషయంలో ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. జెడ్‌వీ-ఈ10 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 మెగాబైట్లు. వీ30 అని రాసి ఉన్న కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది, అది చాలు.

లెన్సులు: అసలు నిర్ణయం ఇక్కడే

బాడీ నాలుగైదేళ్లకు మారుతుంది, మంచి లెన్సు పదిహేనేళ్లయినా ఉంటుంది. కాబట్టి ముందు మౌంటు, అంటే లెన్సు బాడీకి తగిలే అమరిక, ఎంచుకుని, తర్వాత బాడీ చూడాలి. 2020 తర్వాత కెనాన్, నికాన్ కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. కొత్త లెన్సులన్నీ మిర్రర్‌లెస్ మౌంట్లకే వస్తున్నాయి. అయినా పాత ఈఎఫ్, ఎఫ్ మౌంటు లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో కొల్లలుగా దొరుకుతున్నాయి, తక్కువ డబ్బుతో నేర్చుకునేవారికి అదే పెద్ద వరం.

ఇంట్లో ఇప్పటికే లెన్సులుంటే అడాప్టర్ చూడండి. నికాన్ ఎఫ్ మౌంటుకు, సెన్సరుకు మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, జెడ్ మౌంటులో 16. ఆ మిగిలిన 30.5 మిల్లీమీటర్లను పూడ్చే గొట్టమే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్. అందులో గాజు లేదు కాబట్టి నాణ్యత తగ్గదు. కానీ అందులో మోటారు కూడా లేదు. సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకు ఆటోఫోకస్ వస్తుంది, పాత ఏఎఫ్-డీ లెన్సులకు రాదు. ఆ మాటకొస్తే డీ3500, డీ5600లలోనూ మోటారు లేదు, డీ7500లో ఉంది. కెనాన్‌లో ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి.

ఏమీ లేకుండా మొదలుపెట్టేవారికి సోనీ ఈ మౌంటులో సిగ్మా, టామ్రాన్ లెన్సులు ముందు నుంచీ ఎక్కువ. కెనాన్ ఆర్ఎఫ్ మౌంటులో ఏపీఎస్-సీకి ఈ కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు 2024 నుంచే వచ్చాయి. డబ్బు మొత్తం బాడీకే పెట్టకండి. కిట్ లెన్సుతో (బాడీతో పాటు పెట్టెలో వచ్చే లెన్సు) కలిపి మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకుని, మిగతాది 35 లేదా 50 ఎంఎం ఎఫ్1.8కి, అదనపు బ్యాటరీకి ఉంచండి. చీకటి గదిలో ఫొటో బాగుపడేది ఖరీదైన బాడీతో కాదు, ఆ ఎఫ్1.8తోనే.

ఫ్లాష్ ఉన్నవారు ఇంకొకటి చూడాలి. కెమెరా పైన ఫ్లాష్ పెట్టే చోట మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఉండాలి. 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2లలో అది లేదు, చవక ఫ్లాష్‌లు, దూరం నుంచి ఫ్లాష్ వెలిగించే ట్రిగ్గర్లు వాటి మీద పనిచేయవు. ఆర్50లో పాత ఫ్లాష్‌కు ఏడీ-ఈ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి.

వాడిన డీఎస్ఎల్ఆర్ కొంటుంటే

పగటిపూట వెళ్లండి. మీ సొంత కార్డు, ట్రైపాడ్, మొబైల్ టార్చ్ తీసుకెళ్లండి.

ముందు ఫోకస్. ఒక అట్టపెట్టెకు వార్తాపత్రిక అంటించి మీటరున్నర దూరంలో నిలబెట్టండి, పక్కనే ఒక స్కేలును 45 డిగ్రీల వాలుగా ఉంచండి. కెమెరా ట్రైపాడ్ మీద, లెన్సు దాని పూర్తి తెరుపులో, ఫోకస్ మధ్య పాయింటు మీద. వ్యూఫైండర్‌తో అయిదు ఫొటోలు తీయండి, ప్రతిసారీ ముందు ఫోకస్ రింగును చెదరగొట్టాలి. తర్వాత లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, అయిదు. లైవ్ వ్యూవి స్పష్టంగా ఉండి, వ్యూఫైండర్‌వి అన్నీ ఒకే వైపు తప్పితే అమరిక తప్పినట్టే. 80డీ, 90డీ, డీ7500లలో మెనూలోనే దాన్ని సరిదిద్దుకోవచ్చు, 1500డీ, డీ5600లలో ఆ వీలు లేదు, సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. అయిదూ అయిదు తీరుల్లో పడితే ఆ లెన్సును వదిలేయండి.

తర్వాత సెన్సరు. ఎఫ్16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్ల గోడను తీయండి. మసక చుక్కలు దుమ్ము, తుడిస్తే పోతాయి. సన్నని గీత ఉంటే అది గాటు, పోదు. మూత పెట్టి, ఐఎస్ఓ 1600లో 10 సెకన్ల ఫొటో తీస్తే పాడై ఎప్పుడూ వెలిగే హాట్ పిక్సెళ్లు రంగు చుక్కలుగా బయటపడతాయి.

లెన్సును విప్పి వెనక నుంచి టార్చ్ వెలుగు వేసి ముందు నుంచి చూడండి. నాలుగు దుమ్ము కణాలుంటే ఫర్వాలేదు. సాలెగూడులా పోగులు కనిపిస్తే అది ఫంగస్, విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బీరువాలో పడి ఉన్న లెన్సులకు తరచూ వస్తుంది. ఎంత చవకైనా అలాంటిది కొనకండి.

నికాన్ అయితే అక్కడే తీసిన జేపీజీ ఫైలులోనే షట్టర్ లెక్క, అంటే ఇప్పటిదాకా తీసిన ఫొటోల సంఖ్య, ఉంటుంది, కంప్యూటర్‌లో చూడొచ్చు. ఇలాంటి ఆరంభ స్థాయి బాడీల షట్టర్‌ను సుమారు లక్ష ఫొటోల కోసం తయారుచేస్తారు, 60 వేలు దాటితే ధర గట్టిగా తగ్గించమని అడగండి. ఇలాంటి కెనాన్ మోడళ్లలో ఆ లెక్క ఫొటో ఫైలులో ఉండదు, కేబుల్‌తో కలిపి సాఫ్ట్‌వేర్‌లో చదవాలి. చివరగా బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు బిల్లు మీదా, పెట్టె మీదా ఉన్నదానితో సరిపోవాలి. బిల్లు లేదంటే, అమ్మేవారు ఎంత తగ్గిస్తామన్నా కార్డు తీసుకుని వచ్చేయండి.